మేత ఖాతా డేటాబేస్, రెండో పాఠం: మౌసుతో ఒకసారి, ఆదేశంతో ఒకసారి

మొదటి పాఠంలో రెండు పరికరాలు కంప్యూటర్‌లోకి దించుకున్నాం. ఒకటి డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్. మౌసుతో నొక్కుతూ పని చేసుకునే గ్రాఫికల్ పరికరం ఇది. రెండోది ఎస్‌క్యూలైట్3. నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయించే కమాండ్ లైన్ పరికరం. రెండూ ఉచితం. ఖాతా అంతటినీ ఒకే ఫైలులో దాచే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌తోనే రెండూ పని చేస్తాయి. వీటిలో ఏది నేర్చుకోవాలని చాలామంది అడుగుతారు. రెండూ నేర్చుకోండి, అది కూడా ఒకే ఫైలు మీద, పక్కపక్కన తెరిచి పెట్టుకుని. మౌసు పరికరం కూడా లోపల మీ తరఫున ఆదేశాలే రాస్తుంది. అది రాసినదాన్ని చదవడం అలవాటైతే నల్ల తెర భయం దానంతటదే పోతుంది. చదవకుండా నొక్కుకుంటూ పోయేవారు, బటన్ల చోటు మారిన కొత్త వెర్షన్ రాగానే మళ్లీ మొదటికి వస్తారు.

మనం కట్టబోయేది భీమవరం, ఉండి, ఆకివీడు ఊళ్ల వైపు మేత దుకాణాల్లో ఉండే ఖాతా. రైతు రొయ్యల చెరువుకు మేత అరువు మీద తీసుకెళతాడు, పట్టుబడి అయ్యాక బాకీ తీరుస్తాడు. ఒకే రైతుకు మూడు నాలుగు చెరువులు ఉండవచ్చు. పంట కాలమంతా ఒక్కో చెరువుకు బస్తాలు వెళుతూనే ఉంటాయి. గుమాస్తా ప్రతి వరుసలోనూ రైతు పేరు, ఊరు, ఫోను నంబరు, చెరువు, తేదీ, బస్తాలు అన్నీ రాసుకుంటూ పోతే, రైతు ఫోను నంబరు మార్చిన రోజున పాత వరుసలన్నీ దిద్దాలి. సగం దిద్ది సగం వదిలేస్తే ఏ నంబరు నిజమో పుస్తకం చెప్పలేదు. ఒక విషయాన్ని ఒక్క చోటే రాసి, మిగిలిన చోట్ల దాని సంఖ్యను మాత్రం పెట్టుకోవడం దీనికి మందు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రచురించిన వ్యాసమే ఈ రిలేషనల్ పద్ధతికి పునాది. మనకు మూడు పట్టికలు చాలు: రైతులు, చెరువులు, మేత.

ఒక మాట. చదవడానికి వీలుగా ఆదేశాలను, పట్టికల పేర్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను. కీబోర్డు మీద మీరు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. లోపల నింపే రైతుల పేర్లు, ఊళ్ల పేర్లు మాత్రం నిక్షేపంగా తెలుగులో రాయవచ్చు.

డీబీ బ్రౌజర్ తెరిచి 'న్యూ డేటాబేస్' నొక్కండి. ఫైలు ఎక్కడ పెట్టాలని అడుగుతుంది. డెస్క్‌టాప్ మీద 'ఖాతా' అనే ఫోల్డరు చేసి అందులో మేత.డీబీ అనే పేరుతో భద్రపరచండి. ఆ చోటు గుర్తుంచుకోండి, కాసేపట్లో దానితో పని పడుతుంది. వెంటనే పట్టిక తయారుచేసే కిటికీ తెరుచుకుంటుంది. పట్టిక పేరు రైతులు అని ఇచ్చి, 'యాడ్' నొక్కుతూ నాలుగు గడులు చేర్చండి: రైతు_సంఖ్య, పేరు, ఊరు, ఫోను. మొదటిదానికి రకం ఇంటిజర్ (పూర్ణ సంఖ్య), మిగిలిన మూడింటికీ టెక్స్ట్ (అక్షరాలు). ఫోను అంకెలే కదా, ఇంటిజర్ ఎందుకు కాకూడదు? దానితో మనం కూడికలు, తీసివేతలు చేయం. పైగా ఎస్‌టీడీ కోడు ముందుండే సున్నాను ఇంటిజర్ మింగేస్తుంది.

రైతు_సంఖ్య వరుసలో 'పీకే' అనే గడిని టిక్ చేయండి. ప్రైమరీ కీ అంటే ఇదే, ఆ వరుసను మరో వరుసతో కలగలవనీయని గుర్తింపు. పేరునే గుర్తింపుగా పెట్టుకుంటే ఒక సంఖ్య మిగులుతుంది కదా అనిపించవచ్చు. ఉండి బజారులో నిలబడి "సత్యనారాయణరాజు గారూ!" అని పిలిచి చూడండి, ఎందరు వెనక్కి తిరుగుతారో. మన ప్రాంతంలో పేరు మనిషిని గుర్తుపట్టడానికి చాలదు. ఇంటిపేరు, ఊరు కలిపినా కొన్నిసార్లు చాలదు.

ఇప్పుడు ఆ కిటికీ అడుగు భాగం చూడండి. మీరు గడులు చేర్చుతున్నంతసేపూ అక్కడ 'క్రియేట్ టేబుల్' అని మొదలయ్యే ఆదేశం తనంతట తానే పెరుగుతూ వచ్చింది. పీకే టిక్ తీసేసి మళ్లీ పెట్టండి. కింద ఏ మాటలు పోయాయో, ఏవి తిరిగొచ్చాయో గమనించండి. ఈ పాఠం మొత్తంలో నేను మరీ మరీ చేయమనే అభ్యాసం ఇదే. తరవాత 'ఓకే' నొక్కండి.

రెండో, మూడో పట్టికలకు ఇక మౌసు వద్దు. ఈ ఆదేశాలు రాసే భాష పేరు ఎస్‌క్యూఎల్. 'ఎగ్జిక్యూట్ ఎస్‌క్యూఎల్' అనే ట్యాబ్‌లోకి వెళ్లి మీరే టైపు చేసి నడపండి:

క్రియేట్ టేబుల్ చెరువులు (
చెరువు_సంఖ్య ఇంటిజర్ ప్రైమరీ కీ,
రైతు_సంఖ్య ఇంటిజర్ నాట్ నల్ రిఫరెన్సెస్ రైతులు(రైతు_సంఖ్య),
ఊరు టెక్స్ట్,
ఎకరాలు రియల్
);

క్రియేట్ టేబుల్ మేత (
చెరువు_సంఖ్య ఇంటిజర్ నాట్ నల్ రిఫరెన్సెస్ చెరువులు(చెరువు_సంఖ్య),
తేదీ టెక్స్ట్ నాట్ నల్,
బస్తాలు ఇంటిజర్ నాట్ నల్
);

'రియల్' అంటే దశాంశం ఉండగల సంఖ్య. 'నాట్ నల్' అంటే ఆ గడి ఖాళీగా ఉండకూడదని. 'రిఫరెన్సెస్' అంటే ఇక్కడ రాసే సంఖ్య అక్కడి పట్టికలో ఉండి తీరాలని. ఎస్‌క్యూలైట్‌లో తేదీకంటూ ప్రత్యేక రకం లేదు, అందుకే టెక్స్ట్ పెట్టాం. అయితే తేదీని 2025-06-10 అని సంవత్సరం ముందుగా రాయండి. మనకు అలవాటైన 10-06-2025 రాశారంటే, వరుసక్రమంలో పెట్టినప్పుడు అన్ని నెలల పదో తేదీలూ ఒక్క చోట గుంపుగా చేరతాయి.

'బ్రౌజ్ డేటా' ట్యాబ్‌లో రైతులు పట్టికను ఎంచుకుని రెండు వరుసలు నింపండి. 1: సత్యనారాయణరాజు, ఉండి. 2: సత్యనారాయణరాజు, ఆకివీడు. పైన ఉన్న 'రైట్ ఛేంజెస్' నొక్కండి. తరవాత మూడో వరుస చేర్చండి: వెంకటలక్ష్మి, కాళ్ల. ఈసారి రైట్ ఛేంజెస్ నొక్కకండి. కిటికీ అలాగే ఉంచి నల్ల తెర తెరవండి.

ఖాతా ఫోల్డరులోకి వెళ్లి 'ఎస్‌క్యూలైట్3 మేత.డీబీ' అని కొట్టి ఎంటర్ నొక్కితే 'ఎస్‌క్యూలైట్>' అనే పిలుపు వస్తుంది. ముందుగా '.టేబుల్స్' అడగండి. మూడు పట్టికల పేర్లూ కనిపించాలి. ఏమీ రాకపోతే కంగారు వద్దు, మీ పట్టికలు ఎక్కడికీ పోలేదు. మీరు ఇంకో ఫోల్డరులో ఉన్నారు. ఈ పరికరానికి ఒక చెడ్డ మర్యాద ఉంది: అడిగిన పేరుతో ఫైలు లేకపోతే లేదని చెప్పదు, ఖాళీ డేటాబేస్ ఒకటి కొత్తగా తెరిచి చేతిలో పెడుతుంది. '.డేటాబేసెస్' అని కొడితే ఏ ఫైలు తెరిచి ఉందో పూర్తి దారి చూపిస్తుంది.

చుక్కతో మొదలయ్యేవి ఈ పరికరానికి చెప్పే సొంత ఆదేశాలు. వాటి చివర సెమికోలన్ అక్కర్లేదు. మిగిలినవన్నీ డేటాబేస్‌కు చెప్పేవి, వాటికి సెమికోలన్ తప్పదు. మరిచిపోతే తెర మీద '...>' అని వచ్చి కదలకుండా కూర్చుంటుంది. కంప్యూటర్ బిగుసుకుపోయిందనుకుని కిటికీ మూసేసే వారున్నారు. ఒక్క సెమికోలన్ కొట్టి ఎంటర్ నొక్కితే చాలు.

'.స్కీమా రైతులు' అడగండి. మీరు మౌసుతో చేసిన పట్టిక ఆదేశ రూపంలో కళ్ల ముందు నిలబడుతుంది. తరవాత ఇది:

.మోడ్ బాక్స్
సెలెక్ట్ * ఫ్రమ్ రైతులు;

ఇద్దరు రాజులే వస్తారు. వెంకటలక్ష్మి లేదు. అక్కడ తెర మీద కనిపిస్తున్న మనిషి ఇక్కడ ఎందుకు లేదంటే, ఆమె ఇంకా ఫైలులోకి ఎక్కలేదు కాబట్టి. ఇప్పుడు నల్ల తెర నుంచే ఒక వరుస చేర్చబోండి:

ఇన్సర్ట్ ఇంటు చెరువులు వాల్యూస్ (1, 1, 'ఉండి', 2.5);

'డేటాబేస్ ఈజ్ లాక్డ్' అంటుంది. డీబీ బ్రౌజర్ సగంలో ఆగిన మార్పుతో తాళం పట్టుకుని ఉంది. దుకాణంలో ఇద్దరు ఒకే ఫైలు తెరిచి పని చేస్తే వచ్చే గొడవలో సగం ఇదే. అటు వెళ్లి రైట్ ఛేంజెస్ నొక్కి, ఇటు వచ్చి అదే ఆదేశం మళ్లీ ఇవ్వండి, చక్కగా ఎక్కుతుంది. చేర్చిన చెరువు డీబీ బ్రౌజర్‌లో వెంటనే కనిపించకపోతే అక్కడి రిఫ్రెష్ బటన్ నొక్కాలి.

ఈ మార్పు రాసే పద్ధతి కరెంటు పోయే ఊళ్లకు మేలే చేస్తుంది. రాయడం సగంలో ఉండగా కంప్యూటర్ ఆరిపోయినా, మళ్లీ తెరిచినప్పుడు ఎస్‌క్యూలైట్ పాత స్థితికి తిరిగి వెళుతుంది, సగం రాసిన వరుసను మిగల్చదు. అందుకు అవసరమైన వివరాలను ఫైలు పక్కనే 'జర్నల్' అనే తోక ఉన్న మరో ఫైలులో దాచుకుంటుంది. ఇదేదో చెత్త ఫైలు అనుకుని దాన్ని తీసేస్తే మాత్రం డేటాబేస్ పాడైపోవచ్చు. తుఫాను రాత్రులలో దాని జోలికి పోకండి, మామూలు రాత్రులలో కూడా.

తెలుగు పేర్ల చోట విండోస్ నల్ల తెరలో డబ్బాలు, విడిపోయిన గుణింతాలు కనిపించవచ్చు. ఎస్‌క్యూలైట్3 తెరవకముందే కొట్టే 'సీహెచ్‌సీపీ 65001' ఆదేశం కొంత సర్దుతుంది, పూర్తిగా కాదు. అది తెర లోపమే, లోపల అక్షరాలు క్షేమంగా ఉంటాయి. అనుమానముంటే డీబీ బ్రౌజర్‌లో చూసుకోండి.

ఇప్పుడు లేని రైతుకు చెరువు రాసి చూద్దాం. నల్ల తెరలో:

ఇన్సర్ట్ ఇంటు చెరువులు వాల్యూస్ (90, 99, 'ఉండి', 1.0);

99వ రైతు ఎవరూ లేరు. అయినా మారు మాట్లాడకుండా పుచ్చుకుంటుంది. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని ఎస్‌క్యూలైట్ ఈ 'రిఫరెన్సెస్' తనిఖీని (దీన్నే ఫారిన్ కీ తనిఖీ అంటారు) మామూలుగా ఆపి ఉంచుతుంది. 'ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్;' అని కొడితే పనిలోకి దిగుతుంది, కానీ తెరిచిన ప్రతిసారీ కొట్టాలి. డీబీ బ్రౌజర్ దాన్ని ముందే వేసి ఉంచుతుంది కాబట్టి, అదే పని అక్కడ చేస్తే చేర్చే దగ్గరో రాసే దగ్గరో అడ్డుపడుతుంది. ఒకే ఫైలు, రెండు ప్రవర్తనలు. అందుకే రెండు పరికరాలూ చూడమన్నాను. దొంగ చెరువును తీసేయండి:

డిలీట్ ఫ్రమ్ చెరువులు వేర్ చెరువు_సంఖ్య = 90;

మిగిలిన చెరువులు మీరే నింపండి: 2వది 1వ రైతుకు, 3వది 2వ రైతుకు, 4వది 3వ రైతుకు. మేత పట్టికలో తేదీలు మీ ఇష్టం. బస్తాలు మాత్రం 1వ చెరువుకు ఒకసారి 8, ఇంకోసారి 4 వేయండి. 2వ చెరువుకు 6, 3వ దానికి 10, 4వ దానికి 5. బస్తాల గడిలో '8 బస్తాలు' అని మాటలు కలపకండి. గడి ఇంటిజర్ అయినా ఎస్‌క్యూలైట్ ఆ మాటలనూ నోరెత్తకుండా దాచుకుంటుంది. కచ్చితంగా ఉండమని పట్టిక ఆదేశం చివర 'స్ట్రిక్ట్' అని చేర్చే సదుపాయం 2021లో వచ్చింది.

ఏ రైతు ఎన్ని బస్తాలు తీసుకెళ్లాడు? మూడు పట్టికలనూ సంఖ్యల ద్వారా కలపాలి:

సెలెక్ట్ రైతులు.పేరు, సమ్(మేత.బస్తాలు)
ఫ్రమ్ మేత
జాయిన్ చెరువులు ఆన్ చెరువులు.చెరువు_సంఖ్య = మేత.చెరువు_సంఖ్య
జాయిన్ రైతులు ఆన్ రైతులు.రైతు_సంఖ్య = చెరువులు.రైతు_సంఖ్య
గ్రూప్ బై రైతులు.పేరు;

పేరు ఒకటే అయిన వరుసలన్నిటినీ 'గ్రూప్ బై' ఒక గుంపుగా కూడుతుంది. అందుకే రెండే వరుసలు వస్తాయి: సత్యనారాయణరాజు 28, వెంకటలక్ష్మి 5. ఆదేశంలో అక్షరదోషం లేదు, తెర మీద ఎర్ర గీత లేదు, కూడిక సరైనదే. అయినా ఈ లెక్క పట్టుకుని బాకీ వసూలుకు వెళితే ఆకివీడు రాజు గారి 10 బస్తాలు ఉండి రాజు గారిని అడుగుతారు. చివరి వరుసను 'గ్రూప్ బై రైతులు.రైతు_సంఖ్య' అని మార్చి మళ్లీ నడపండి. 18, 10, 5 విడివిడిగా వస్తాయి. బస్తాకు 25 కిలోల చొప్పున కిలోలు కావాలంటే సమ్ పక్కన * 25 చేర్చండి. ఉండి రాజు గారిది 450 అవుతుంది. మేత అసలు తీసుకోని రైతు ఈ జాబితాలో కనిపించడు. అతన్ని రప్పించే లెఫ్ట్ జాయిన్ తరవాత చూద్దాం.

ఇంటిపని. ముందు నకలు తీసుకోండి: '.బ్యాకప్ నకలు.డీబీ'. '.క్విట్' కొట్టి బయటికొచ్చి, నకలును తెరవండి. ఉండి రాజు గారు తన 2వ చెరువును వచ్చే పంటకు వెంకటలక్ష్మి గారికి లీజుకు ఇచ్చారనుకుందాం. మన వైపు మామూలే కదా. కాబట్టి:

అప్‌డేట్ చెరువులు సెట్ రైతు_సంఖ్య = 3 వేర్ చెరువు_సంఖ్య = 2;

వేర్ మరిచిపోతే చెరువులన్నీ ఆమె పేరు మీదికి పోతాయి, జాగ్రత్త. ఇప్పుడు బస్తాల లెక్క మళ్లీ అడగండి. 12, 10, 11 అని వస్తుంది. లీజుకు ముందు రాజు గారు తీసుకెళ్లిన 6 బస్తాలు లక్ష్మి గారి బాకీలో పడ్డాయి. ఏ పట్టికలో ఏ గడి చేర్చితే, లేదా ఏ కొత్త పట్టిక పెడితే ఇది ఆగుతుందో కాగితం మీద గీసి ఉంచండి. మూడో పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం.