నిచ్చెన అక్కర్లేని పండ్ల తోట

మాది బెంగళూరులో హొస్కోటె వైపు 40×60 అడుగుల సైటు. ఇల్లు పోగా వెనక మిగిలిన చోటులో మామిడి, జామ, సీతాఫలం, దానిమ్మ, నిమ్మ ఉన్నాయి. చెయ్యెత్తితే అందని కొమ్మ ఒక్కదానికీ లేదు. పెరటి చెట్టుకి నేను పెట్టుకున్న నియమం అదొక్కటే. పైన కాసినవి చిలకలకీ ఉడతలకీ, కింద రాలిన ఆకులు ఊడ్చే పని మనకీ అయితే చెట్టు ఎందుకు?

ముందు మొక్క సంగతి. లాల్‌బాగ్ నర్సరీలోనో, హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్‌లోనో అంటు మొక్క తెచ్చుకోండి. రోడ్డు పక్క నర్సరీల్లో నిలువెత్తు పెరిగి కాయలు వేలాడుతున్న మొక్క చూపించి ఆశపెడతారు, దాని జోలికి పోవద్దు. కవరు అడుగున వేర్లు చుట్టలు చుట్టుకుపోయి ఉంటాయి. నడుము దాటని మొక్క చాలు. మామిడిలో మల్లిక, లేదా ఆమ్రపాలి. రెండూ నీలం, దశేరి కలిపి తయారుచేసినవే, రెండోది ఇంకా పొట్టి రకం. చిత్తూరు మనిషిని కాబట్టి బేనీషా (బంగినపల్లి) మీద నాకూ మనసుంది, కానీ అది ఊళ్ళో తోటలో ఉండాల్సిన చెట్టు. జామకి ఐఐహెచ్ఆర్ వాళ్ళ అర్క కిరణ్ బాగుంటుంది, లోపల ఎర్రగా ఉంటుంది.

నాటడం జూన్‌లో, వానలు పట్టుకున్నాక. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ పడే చోటు చూడండి. పక్క సైటు ఖాళీగా ఉంటే రేపు అక్కడ నాలుగంతస్తులు లేస్తాయనే లెక్క వేసుకోవాలి. గొయ్యి రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. ఇక్కడ చాలా సైట్లు ఎత్తు చేయడానికి కూలగొట్టిన ఇళ్ళ మట్టి పోసి ఉంటారు. తవ్వితే సిమెంటు పెళ్ళలు, టైల్సు ముక్కలు వస్తాయి. అవన్నీ ఏరి పారేసి ఎర్రమన్ను తెప్పించి, బాగా మాగిన పశువుల ఎరువు, రెండు దోసిళ్ళ వేప పిండి కలిపి నింపండి. అంటు అతుకు నేలకి నాలుగు వేళ్ళ పైన ఉండాలి. అతుకు కింద నుంచి వచ్చే ప్రతి చిగురూ గిల్లేయాలి. వదిలేస్తే అదే చెట్టయి కూర్చుంటుంది, మీరు డబ్బు పెట్టి కొన్న రకం ఎండిపోతుంది.

మొక్క నిలదొక్కుకుని కొత్త ఆకు వేసిందా, రెండడుగుల ఎత్తులో తల తుంచేయండి. ఇక్కడే అందరికీ చెయ్యి రాదు. మా పక్కింటావిడైతే "అక్కా, పాపం, ఇప్పుడిప్పుడే ఎదుగుతోంది" అంది. అప్పుడు తుంచితేనే పక్క కొమ్మలు వస్తాయి. నాలుగు దిక్కులకీ పోయే మూడు నాలుగు కొమ్మలు ఉంచి మిగతావి తీసేయాలి. అవి రెండడుగులు సాగాక మళ్ళీ సగానికి. దానిమ్మకి మాత్రం తల తుంచక్కర్లేదు, మొదలు దగ్గర లేచే పిలకల్లో మూడు నాలుగు ఉంచితే చాలు.

కాపు మొదలయ్యాక ఎప్పుడు కత్తిరించాలన్నది, కాయ ఏ కొమ్మకి వస్తుందో దాన్ని బట్టి. జామ కొత్త చిగురుకే పూస్తుంది. వానాకాలం జామ చప్పగా ఉంటుంది, పైగా పండు ఈగ పట్టి లోపల పురుగులు. అందుకే మేలో కొమ్మల చివర్లు సగానికి కత్తిరిస్తాను. ఆ కాపు పోతుంది, దాని బదులు చలికాలంలో గట్టి తియ్యటి కాయలు వస్తాయి. సీతాఫలం ఆకు రాల్చి బోసిగా నిలబడినప్పుడు, ఫిబ్రవరిలో, కొంచెంగా.

మామిడి లెక్క వేరు. ముదిరిన కొమ్మ చివర పూత పెడుతుంది. కాయ కోసిన వెంటనే, జులై, ఆగస్టుల్లోనే కత్తిరింపు ముగించాలి, కొత్త కొమ్మ ముదరడానికి వ్యవధి కావాలి. అక్టోబరు తర్వాత కత్తెర పెడితే ఆ ఏడు పూత ఆశ వదులుకోవడమే. మధ్యలో నిటారుగా లేచిన కొమ్మ తీసేసి నడిమికి ఎండ దిగేలా చేయండి. కోసిన చోట కారే జీడి కంట్లో పడకుండా జాగ్రత్త, చేతికి తొడుగు వేసుకోండి. నిమ్మకి నిలువుగా, ముళ్ళతో దూసుకొచ్చే నీటి కొమ్మలు, ఎండు పుల్లలు తప్ప ఏమీ తీయొద్దు. సపోటాకి అదీ అక్కర్లేదు.

ఈ పని మాలికి ఒప్పజెప్పి లోపలికి వెళ్ళిపోతే, చెట్టు చుట్టూ సమంగా క్షౌరం చేసినట్టు చేసి పోతాడు. దగ్గరుండి చూపించండి. బయటి వైపు తిరిగిన మొగ్గకి కాస్త పైన, ఏటవాలుగా కోత పడాలి. మణికట్టంత లావు కొమ్మని రంపంతో ముందు కింది నుంచి కొంత కోసి, తర్వాత పైనుంచి కోయాలి. లేకపోతే బరువుకి వాలి, కాండం మీది బెరడు చీల్చుకుని పడుతుంది.

లావు కోతలకి తెగులు పట్టకుండా బోర్డో పేస్టు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) అర లీటరు నీళ్ళలో, 100 గ్రాముల పొడి సున్నం ఇంకో అర లీటరులో, రెండూ ప్లాస్టిక్ డబ్బాల్లోనే. కరిగాక కలిపి, ఇనుప చాకు ముంచి చూడండి. చాకు మీద ఎర్రగా రాగి పొర పడితే ఇంకాస్త సున్నం వేయాలి. పాత పెయింటు బ్రష్‌తో పూసేయండి. మిగిలినా దాచొద్దు, వచ్చేసారికి మళ్ళీ తాజాగా కలుపుకోవడమే.