మొక్కల పేరు చీటీలపై రాత ఎండకు వెలవకూడదంటే ఏ పెన్ను వాడాలి?

రెండు రకాల మిరప నారు కలిసిపోతే కాయ పడేసరికి తేలిపోతుంది. బంగినపల్లి, చిన్నరసం అంటు మొక్కల చీటీలు చెరిగిపోతే మాత్రం కాపు వచ్చేదాకా, అంటే మూడు నాలుగేళ్లు ఆగాల్సిందే.

మార్కర్ మీద ‘పర్మనెంట్’ అని రాసి ఉంటే అది నీళ్లకు పోదని అర్థం, ఎండకు ఆగుతుందని కాదు. మామూలు మార్కర్లలో, సీడీ మార్కర్లలో ఎక్కువగా ఉండేది డై. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది విరిగిపోతుంది. నల్లగా రాసిందే ఊదాగానో గోధుమగానో మారి మాయమవుతుంది. జెల్ పెన్ను, స్కెచ్ పెన్ను సంగతి సరేసరి, ఒక్క వానకే పోతాయి.

అన్నిటికన్నా చవకైనది పెన్సిల్. అందులోని గ్రాఫైట్ కార్బనే కాబట్టి ఎండ దాన్ని వెలిసేలా చేయలేదు. మెరుపు లేని ప్లాస్టిక్ చీటీ మీద 2బి పెన్సిల్‌తో గట్టిగా నొక్కి రాయండి. చీటీ నున్నగా ఉంటే ముందు సన్న గరుకు కాగితంతో రెండు మూడు సార్లు రుద్దాలి.

దూరం నుంచి కనబడాలంటే నల్ల ఆయిల్ పెయింట్ మార్కర్ తీసుకోండి, మొన 1 మి.మీ. చాలు. వేళ్ల జిడ్డు ఉన్నచోట పెయింట్ పొరలుగా లేచిపోతుంది. అందుకే చీటీని శానిటైజర్ అద్దిన గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. మూత తీయకముందే మార్కర్‌ను నిమిషం పాటు, లోపలి గుండు గలగలమనేలా ఊపండి. చిత్తు కాగితం మీద మొన నొక్కి రంగు దిగాక రాయండి. చీటీ మీదే నొక్కితే మరక పడుతుంది. ఒక రోజంతా ఆరాకే కుండీలో గుచ్చాలి. పైన సెల్లోటేపు అంటించకండి. దాని కిందికి నీళ్లు చేరతాయి, ఊడినప్పుడు రాతను కూడా పట్టుకుపోతుంది.

అదే పేరు చీటీ అడుగు కొసన కూడా రాయండి. మట్టిలో ఉన్న భాగానికి ఎండ తగలదు కాబట్టి, పైది వెలిసినా పీకి చూసుకోవచ్చు. ఐస్‌క్రీమ్ పుల్లలకు ఈ చిట్కా పనికిరాదు, తడి మట్టిలో అవే కుళ్లిపోతాయి.

పండ్ల చెట్లకైతే ఇంకు మీద నమ్మకం పెట్టుకోకపోవడమే మంచిది. కూల్‌డ్రింక్ టిన్ను రేకును కత్తిరించి, కోసుకోకుండా అంచులు మడిచి, పాత పేపర్ల దొంతి మీద పెట్టి బాల్ పెన్నుతో అదిమి రాయండి. ఇంకు పోయినా గాడి మిగులుతుంది. తీగతో కొమ్మకు వదులుగా కట్టండి. బిగిస్తే కొమ్మ లావయ్యేకొద్దీ తీగ బెరడులోకి కోసుకుపోతుంది.

ఇంట్లో ఉన్న మార్కర్ ఎండకు ఆగుతుందో లేదో చూడాలంటే, ఒక చీటీ నిండా రాసి, సగానికి వంటింటి ఫాయిల్ చుట్టి, ఏప్రిల్, మే నెలల్లో పిట్టగోడ మీద ఎండలో ఉంచండి. ఫాయిల్ విప్పితే తేడా కంటికే కనబడుతుంది.