కంటి డాక్టర్ దగ్గరికి బయల్దేరే ముందు
తిరుపతి, చిత్తూరు వైపు పెద్దవాళ్లకు కళ్లు చూపించాలనుకునేవాళ్లకు ఒక మాట. ఆసుపత్రి బయట ఎన్టీఆర్ వైద్య సేవ (మనకు ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే) బోర్డు కనిపించగానే లోపలికి వెళ్లిపోకండి. ఈ పథకంలో ఆసుపత్రులకు అనుమతి విభాగాల వారీగా ఉంటుంది. గుండెకు, ఎముకలకు ఉండి కంటికి లేకపోవచ్చు. ఇది తెలియకే మా అమ్మను ఒకచోట రెండు గంటలు కూర్చోబెట్టి వెనక్కి తీసుకొచ్చాను. పాపం, పొద్దున టిఫిన్ కూడా తినలేదు.

ముందే 104కు ఫోన్ చేసి, జబ్బు పేరు చెప్పి, దగ్గర్లో ఏ ఆసుపత్రిలో దానికి కార్డు చెల్లుతుందో అడగండి. అక్కడికి వెళ్లాక రిసెప్షన్‌లో కాదు, పథకం కౌంటర్‌లో ఉండే మిత్రను (పథకం తరఫున రోగులకు సాయం చేసే ఉద్యోగి) కలవండి. ఆధార్, రేషన్ కార్డు తీసుకెళ్లండి. ఆపరేషన్ అంటే పథకం నుంచి ముందస్తు అనుమతి రావాలి, అది వచ్చేదాకా ఆగండి, తొందరపడి డబ్బు కట్టకండి.

శుక్లాలైతే అసలు కార్డు గురించి టెన్షన్ వద్దు. అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగానే చేస్తారు. తిరుపతి వాళ్లు ముందు రుయా కంటి విభాగంలో అడిగి చూడండి.