వందేళ్ళ నాటి బేస్‌బాల్ కార్డు కొనడం ఎలా?

పాత బేస్‌బాల్ కార్డులు, అంటే ఆటగాళ్ళ బొమ్మలు ముద్రించిన చిన్న అట్టముక్కలు, సేకరించడం మొదలుపెడదామనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "ఏ ఆటగాడిది కొనమంటారు?" ఆ సంగతి తర్వాత. ముందు ఆ అట్టముక్క నిజంగా వందేళ్ళదేనా, దాని అంచులు ఎవరైనా కత్తిరించారా అన్నది తేల్చుకోవడం రావాలి. ఇది రాకుండా కార్డులు కొని, తర్వాత ఫోటోలు పంపి "ఇది ఒరిజినలేనా చూడండి" అని అడుగుతుంటారు. డబ్బు కట్టేశాక అడిగితే నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఒకే సెట్టు పట్టుకోండి

మొదటి కార్డు టీ206 సెట్టులోనిదే అయి ఉండాలి. ఇందులో బేరం లేదు.

అమెరికన్ టొబాకో కంపెనీ 1909 నుంచి 1911 దాకా తన పొగాకు సరుకుతో పాటు ఇచ్చిన కార్డులివి. సిగరెట్ పెట్టె నలగకుండా ఎలాగూ ఒక అట్టముక్క కావాలి. దాని మీద ఆటగాడి బొమ్మ వేస్తే కొనేవాడు మళ్ళీ అదే బ్రాండు కొంటాడు. లెక్క అంతే. టీ206 అనేది కంపెనీ పెట్టిన పేరు కాదు. అమెరికాలోని సిరక్యూస్‌లో ఉండే జెఫర్సన్ బర్డిక్ అనే సేకర్త తన కేటలాగులో 20వ శతాబ్దపు పొగాకు కార్డులకు టీ అక్షరం కేటాయించి, వరసగా నంబర్లు ఇచ్చుకుంటూ పోయాడు. ఆయన పోగేసిన 3 లక్షలకు పైగా కార్డులు, కాగితాలు ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి.

సెట్టులో మొత్తం 524 కార్డులని లెక్క. వెనక వైపు 16 బ్రాండ్ల ప్రకటనలు కనిపిస్తాయి. పీడ్‌మాంట్, స్వీట్ కాపరల్ బాగా దొరుకుతాయి. లెనాక్స్, డ్రమ్, ఉజిట్, బ్రాడ్ లీఫ్ అరుదు. వాటిలో 'హిందూ' అనే సిగరెట్ బ్రాండు కూడా ఒకటుంది. మనవాళ్ళు చాలామంది ముందు ఆ కార్డే కావాలంటారు. గోధుమరంగు ముద్రణ ఉన్న హిందూ ఫర్వాలేదు గానీ, ఎర్రరంగుది మాత్రం అరుదు, ఖరీదు కూడా ఎక్కువ. ఇప్పుడే దాని జోలికి పోకండి.

1911 నాటి టీ205 సెట్టు బంగారు అంచులతో అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఆ అంచు ఏ కాస్త తగిలినా రాలిపోతుంది. అలా రాలినచోట రంగు పూశారా లేదా అన్నది కొత్తవాళ్ళ కంటికి ఆనదు. క్రాకర్ జాక్ కార్డులు 1914, 1915 సంవత్సరాలవి. 1914లో 144 కార్డులు, 1915లో 176. అవి పాకం పట్టిన పాప్‌కార్న్ డబ్బాల్లో వచ్చేవి కాబట్టి మరకలు సహజం.  వాటి ధరలకు మొదటి కార్డు ఎవరూ కొనకూడదు. టీ206 అంటారా, లెక్కలేనన్ని ముద్రించారు. పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి అసలు సరుకు దండిగా దొరుకుతుంది. నేర్చుకునేవాడికి అంతకంటే ఏం కావాలి? పెద్దగా పేరుపొందని ఆటగాడి కార్డు, మూలలు అరిగి, మధ్యలో ఒక మడతతో ఉన్నది వంద డాలర్ల లోపే వస్తుంది. దానితో మొదలుపెట్టండి.

ఇదే సెట్టులోని హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు మాట ఎత్తకండి. 2021లో అలాంటిది ఒకటి 66 లక్షల డాలర్లకు పైగా పలికింది. చనిపోయినవాళ్ళ ఇంటి సామాన్లు అమ్మే ఎస్టేట్ సేల్‌లో పాత పెట్టెలో మీకు వాగ్నర్ కార్డు కనబడితే అది నకిలీ. దాని గురించి ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు.

సామాన్లు

నగల షాపువాళ్ళు వాడే పదింతల భూతద్దం, వీలైతే ముప్ఫై ఇంతలది కూడా. 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి (చవకగా దొరికే ఊదా రంగు టార్చీలు పనికిరావు). మిల్లీమీటర్ల గీతలు సన్నగా ఉన్న స్టీల్ స్కేలు. అన్నిటికంటే ముఖ్యం, నమ్మకమైన చోట కొన్న ఒక అసలు టీ206 కార్డు, ఎంత చిరిగినదైనా సరే. మొదటి కార్డు కొనమని పైన చెప్పింది ఇందుకే. అదే మీ కొలబద్ద.

ఎక్కడ కొనాలి

మొదటి కొన్ని కార్డులు గ్రేడింగ్ కంపెనీ (కార్డు అసలుదేనా అని చూసి, దాని స్థితిని బట్టి అంకె ఇచ్చే సంస్థ) ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసినవే కొనండి. అలాంటి కంపెనీల్లో పీఎస్‌ఏ 1991లో, ఎస్‌జీసీ 1998లో మొదలయ్యాయి. పొగాకు కార్డులకు ఎస్‌జీసీ డబ్బానే పెట్టాలి. చుట్టూ నల్ల చట్రం ఉంటుంది కాబట్టి తెల్ల అంచు ఎక్కడ అరిగిందో, ఎంత వెడల్పుందో స్పష్టంగా కనబడుతుంది. పీఎస్‌ఏ డబ్బాకు అమ్మేటప్పుడు ఎక్కువ ధర వస్తుందని వాదిస్తారు. మీరు కొన్నరోజే అమ్మే ఆలోచనలో ఉంటే ఈ వ్యాసం మీకు కాదు.

డబ్బా ఉంది కదా అని కళ్ళు మూసుకోవద్దు. డబ్బాలకూ నకిలీలున్నాయి. లేబుల్ మీది నంబరును ఆ కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. అక్కడ ఫోటో ఉంటే మీ కార్డుతో మచ్చకు మచ్చ, మడతకు మడత కలవాలి.

ఏటా వేసవిలో జరిగే నేషనల్ స్పోర్ట్స్ కలెక్టర్స్ కన్వెన్షన్‌కు వెళ్ళగలిగితే వెళ్ళండి. మొదటిరోజు కొనకండి. బల్లబల్లకూ తిరిగి, అడిగి, కార్డులు చేతిలోకి తీసుకుని చూడండి. పొగాకు కార్డులు అమ్మే పెద్దవాళ్ళకు మాట్లాడటం ఇష్టం. మీరు నేర్చుకోవడానికి వచ్చారని తెలిస్తే పెట్టెలన్నీ తెరుస్తారు.

అసలైన పని: కార్డును చూడటం

ఇక్కడే అందరూ తొందరపడతారు. ఆటగాడి ముఖం బాగుంది, ధర తక్కువ, అమ్మేవాడు మంచివాడిలా ఉన్నాడు, అంతే, జేబులోంచి డబ్బు తీస్తారు. ఐదు నిమిషాలు ఆగండి.

ముందు భూతద్దంతో కింద ఉన్న పేరు చూడండి. ఆటగాడి పేరు, జట్టు ఊరు గోధుమరంగు అక్షరాల్లో ఉంటాయి. అసలు కార్డులో ఆ అక్షరం నిండైన సిరాతో, ఒకే ముద్దగా పడి ఉంటుంది. బొమ్మ చుట్టూ ఉన్న సన్నని నల్లగీత కూడా అంతే. ఇప్పటి ప్రింటింగ్‌లో తీసిన నకళ్ళలో అదే అక్షరం, అదే గీత చిన్న చిన్న రంగు చుక్కల గుంపుగా విడిపోయి కనిపిస్తుంది. ఇక బొమ్మలోకి వెళ్ళండి. అసలు కార్డులోనూ చుక్కలుంటాయి, దాన్ని చూసి కంగారుపడి మంచి కార్డును వదిలేసుకునేవాళ్ళూ ఉన్నారు. అయితే ఆనాటి లిథోగ్రాఫు (రాతిపలక మీంచి అచ్చువేసే పద్ధతి) చుక్కలు ఒక పద్ధతిలో ఉండవు. ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా, చేత్తో చల్లిన ముగ్గుపిండిలా ఉంటాయి. నకలులో చుక్కలు వరసకట్టి, ఒకే దూరంలో, పువ్వు రేకుల్లా గుండ్రంగా చేరి ఉంటాయి. మీ దగ్గరున్న అసలు కార్డును పక్కన పెట్టుకుని చూస్తే ఒక్క నిమిషంలో తేడా తెలుస్తుంది. పక్కన ఏమీ లేకుండా, ఇంటర్నెట్‌లో చదివింది గుర్తుచేసుకుంటూ చూస్తే జన్మలో తెలియదు.

ఒక హెచ్చరిక. తెలివైన నకిలీవాడు అక్షరాలను విడిగా, నిండు సిరాతో ముద్రిస్తాడు. కాబట్టి పేరు ఒక్కటే చూసి సర్టిఫికెట్ ఇవ్వకండి.

పేరులోనూ మోసాలున్నాయి. షెర్రీ మాగీ పేరును మొదట తప్పు స్పెల్లింగుతో ముద్రించి తర్వాత సరిదిద్దారు. తప్పు పడినది విపరీతమైన ధర. జో డోయల్ కార్డుల్లో నేషనల్ లీగ్ జట్టని పొరపాటున పడినది ఇంకా అరుదు. అందుకని మామూలు కార్డు తీసుకుని ఒక అక్షరం గీకి మార్చడం, లేదా ఒక పదం చేర్చడం జరుగుతూ వచ్చింది. ఏ అక్షరం మీద డబ్బు ఆధారపడి ఉందో ఆ అక్షరం కింద కాగితం పోగులు లేచాయేమో చూడండి.

తర్వాత చీకటి గదిలో టార్చి వేయండి. ఇప్పటి కాగితాల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. ప్రింటర్ కాగితం పక్కన పెడితే తేడా తెలుస్తుంది. 1910 నాటి అట్ట మందకొడిగా, మెరవకుండా ఉండాలి. మెరిస్తే వదిలేయండి. మెరవకపోతే మాత్రం అసలుదే అని కాదు, పాత పుస్తకం అట్ట మీద ముద్రించినా మెరవదు. మూలల్లో మాత్రమే మెరుపు కనబడితే ఎవరో కొత్త కాగితం గుజ్జుతో మూల కట్టారన్నమాట. రంగు పూసిన చోటు చుట్టుపక్కల కంటే వేరుగా కనిపిస్తుంది. డబ్బాలో ఉన్న కార్డుకు ఈ పరీక్ష సరిగ్గా పనిచేయదు, ప్లాస్టిక్ అడ్డొస్తుంది.

వెనకకు తిప్పండి. నకళ్ళు చాలావాటి వెనక "రీప్రింట్" అని ఉంటుంది. దాన్ని గీకేసి, టీ డికాక్షన్‌లో ముంచి, పాతదానిలా చేసి అమ్ముతారు. వెనక ఎక్కడైనా ఒక చిన్న పట్టీ మేర మాత్రమే కాగితం పలచబడితే సంగతి అర్థం చేసుకోండి. మరక కూడా చూడాలి. నిజంగా పాతబడిన కార్డు అంచుల్లో, మడతల్లో ఎక్కువ, మధ్యలో తక్కువ నల్లబడుతుంది. డికాక్షన్ అన్నిచోట్లా సమానంగా పడుతుంది. పోలార్ బేర్ ప్రకటన ఉన్న కార్డుల సంగతి వేరు. అది విడి పొగాకు సంచుల్లో అమ్మిన బ్రాండు. కార్డు నేరుగా పొగాకులోనే ఉండేది కాబట్టి గాఢమైన మరకలు మామూలే. ముందు బొమ్మకు, వెనక బ్రాండుకు పొంతన కూడా ఉండాలి. ప్రతి ఆటగాడూ ప్రతి బ్రాండుతో రాలేదు. టై కాబ్ అనే ఆటగాడి పేరుతోనే ఉన్న 'టై కాబ్' బ్రాండు ప్రకటన ఎర్ర నేపథ్యంలో ఉన్న కాబ్ బొమ్మ వెనకే ఉంటుంది. వేరే ఆటగాడి వెనక కనబడితే నవ్వి ముందుకు నడవండి.

కత్తిరింపు: అసలు కార్డుకే చేసే మోసం

నకిలీని పట్టడం నయం. కార్డు అసలుదే, కానీ అరిగిన మూలలు పోయేలా నాలుగు అంచులూ సన్నగా కత్తిరించారనుకోండి, అప్పుడు అనుభవం ఉన్నవాళ్ళూ తడబడతారు. ప్రపంచంలో అందరికీ తెలిసిన వాగ్నర్ కార్డే దీనికి ఉదాహరణ. 1991లో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, అతని జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి దాన్ని 4,51,000 డాలర్లకు కొన్నారు. పీఎస్‌ఏ గ్రేడ్ చేసిన మొట్టమొదటి కార్డు అదే, 10కి 8 ఇచ్చారు. ఒకప్పుడు దాన్ని కొని అమ్మిన వేలంపాటల వ్యాపారి బిల్ మాస్ట్రో, అంచులు కత్తిరించింది తానేనని 2013లో కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. అంత పెద్ద కార్డుకే అలా జరిగితే మీ ముందు బల్ల మీదున్నది ఎంత?

టీ206 కొలత సుమారు 36.5 మిల్లీమీటర్ల వెడల్పు, 66.7 మిల్లీమీటర్ల పొడవు. స్కేలు పెట్టి తక్కువుంది కాబట్టి కత్తిరించారు అనేస్తారు చాలామంది. అలా తేలదు. ఫ్యాక్టరీలో కోతే అటూ ఇటూగా ఉండేది. అమెరికన్ బ్యూటీ ప్రకటన ఉన్న కార్డులైతే పుట్టుకతోనే కాస్త సన్నం. మరోపక్క, కాస్త పెద్దగా పుట్టిన కార్డును కత్తిరిస్తే సరైన కొలతకే వస్తుంది. కాబట్టి కొలత అనుమానం పుట్టిస్తుందే గానీ తీర్పు చెప్పదు.

తీర్పు అంచులో ఉంటుంది. కార్డును పక్కకు తిప్పి, ఏటవాలు వెలుగులో అట్ట మందాన్ని భూతద్దంతో చూడండి. వందేళ్ళ అంచు రంగు కార్డు ముఖం రంగుకు దగ్గరగా ఉంటుంది. పోగులు అణిగి, మెత్తబడి ఉంటాయి. కొత్త కోత తెల్లగా, నునుపుగా, పదునుగా ఉంటుంది. నాలుగు అంచులూ విడివిడిగా చూడాలి, ఎందుకంటే తరచూ ఒక అంచే కత్తిరిస్తారు. మూడు మెత్తగా ఉండి ఒకటి బ్లేడులా ఉంటే ఇంకేం కావాలి? బొమ్మ మీద మడతలు, గీతలు ఉన్నా మూలలు మాత్రం సూదిలా ఉంటే అది కూడా అనుమానించాల్సిందే. జేబులో అరిగిన కార్డుకు ముందు అరిగేది మూలే.

అనుమానం తీరకపోతే కొనకండి. "ఇంకొకరు తీసేసుకుంటారేమో" అనే టెన్షన్ అమ్మేవాడికి లాభం. ఇదే ఆటగాడు, ఇదే బ్రాండు వచ్చే నెల ఇంకెక్కడో దొరుకుతాడు.

కత్తిరించిన కార్డు చెత్త అని మాత్రం అనను. గ్రేడింగ్ కంపెనీలు దానికి అంకె ఇవ్వకుండా అసలుదని మాత్రమే రాసి సీలు చేస్తాయి. కత్తిరించిందని తెలిసి, దానికి తగ్గ ధరకు కొంటే తప్పేమీ లేదు. ఖరీదైన కాబ్ బొమ్మ ఒకటి దగ్గర ఉంచుకోవాలంటే మనబోటివాళ్ళకు అదొక్కటే దారి.

డబ్బు, ఆ తర్వాత

డబ్బు వెనక్కి వచ్చే వీలున్న పద్ధతిలోనే కట్టండి. ఆన్‌లైన్‌లో అయితే అంచుల ఫోటో ప్రత్యేకంగా అడగండి. పంపనంటే అదే జవాబు.

ఇంటికి వచ్చాక మామూలు కార్డుల కవర్లలో పెట్టకండి. అవి ఇప్పటి పెద్ద కార్డుల కోసం. వాటిలో టీ206 అటూ ఇటూ జారి మూలలు పోతాయి. పొగాకు కార్డుల సైజు కవరు, దాని మీద అదే సైజు గట్టి ప్లాస్టిక్ తొడుగు, రెండూ పీవీసీ లేనివే. స్క్రూలు బిగించే మందపు డబ్బాలు కార్డును నొక్కేస్తాయి, వద్దు. లామినేషన్ అనే మాట నా ముందు అనకండి. తడి తగలని బీరువా అర చాలు. బేస్‌మెంటులో మాత్రం పెట్టొద్దు.

పాత ఆల్బమ్ పేజీకి జిగురుతో అంటించిన కార్డు వస్తే లాగకండి, వెనక ముద్రణ ఊడి పేజీకే ఉండిపోతుంది. డిస్టిల్డ్ నీళ్ళలో నానబెట్టి, దానంతట అది వదిలేదాకా ఆగి, బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టి పైన బరువుంచి ఆరనివ్వాలి. ఈ పని ముందు మీ అతి చవక కార్డు మీద చేసి చూడండి.

కొన్నరోజే రెండువైపులా ఫోటో తీసి, ఎవరి దగ్గర, ఎంతకు, వెనక ఏ బ్రాండు, ఏ ఫ్యాక్టరీ నంబరు అన్నది ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి. ఇన్సూరెన్స్‌వాళ్ళు అడిగేది అదే.