ఫోన్లో ప్రింటర్ కనబడటం లేదా? ముందు ఐపీ నంబర్లు చూడండి

తిరుపతిలో ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేసే పని నాది. సాయంత్రాలు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినబడే మాట ఇదే: "అన్నా, నెట్ బాగానే వస్తోంది, ప్రింటర్ ఆన్‌లోనే ఉంది, ఫోన్లో మాత్రం కనబడటం లేదు." పొద్దున్నే కొండకు పోవాల్సిన చుట్టాలు ఇంట్లో ఉంటారు, మూడొందల దర్శనం టికెట్లు ప్రింటు తీయాలి. లేదంటే తెల్లారితే పిల్లకు పరీక్ష, హాల్ టికెట్ కావాలి. నేను వెళ్ళేసరికి యాప్ తీసేసి మళ్ళీ వేసి ఉంటారు, ప్రింటర్‌ను రీసెట్ కొట్టి ఉంటారు, కొందరు కొత్త ప్రింటర్ ధర కూడా కనుక్కుని ఉంటారు. రెండు నిమిషాల్లో అయిపోయే పరీక్ష ఒకటుంది. అది మాత్రం ఎవరూ చేసి ఉండరు.

యాప్ వేసుకోవడం, వైఫైకి కలపడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. పేపరు, ఇంకు ఉన్నాయనీ అనుకుంటున్నాను. నేరుగా ఆ పరీక్షకు వెళ్దాం.

ముందు చేయాల్సిన పరీక్ష

ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై తెరిచి, కలిసి ఉన్న నెట్‌వర్క్ పక్కన గేరు గుర్తు నొక్కండి (ఐఫోన్లో అయితే నీలం రంగు ఐ గుర్తు). ఐపీ అడ్రస్ అని ఒక నంబరు కనబడుతుంది, రాసుకోండి. నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి రౌటర్ ఇచ్చే గుర్తింపు నంబరు అది. ప్రింటర్‌కు తెర ఉంటే నెట్‌వర్క్ మెనూలో దాని నంబరు ఉంటుంది. తెర లేకపోతే నెట్‌వర్క్ స్టేటస్ కాగితం ప్రింటు తీయండి. ఏ బటన్ నొక్కితే అది వస్తుందో ప్రింటర్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి మొదటి మూడు భాగాలు చూడండి. ఒకటి 192.168.1.7, ఇంకోటి 192.168.1.23 అయితే రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. ఒకటి 192.168.0.105, ఇంకోటి 192.168.1.23 అయితే లేవు. వైఫై పేరు ఒకటే కదా అని దీన్ని వదిలేయకండి. పేరును నమ్మడం వల్లే ఎక్కువమంది దారి తప్పుతున్నారు.

నంబర్లు కలుస్తున్నాయి, అయినా కనబడదు

ఫోన్లో బ్రౌజర్ తెరిచి, పైన అడ్రస్ రాసే చోట ప్రింటర్ నంబరు కొట్టండి. వైఫై ప్రింటర్లలో దాదాపు అన్నిటికీ సొంత పేజీ ఒకటి ఉంటుంది. భద్రత లేదని హెచ్చరిక వస్తే కంగారు పడక్కర్లేదు, అది మీ ఇంటి ప్రింటరే, ముందుకు వెళ్ళండి.

పేజీ తెరుచుకుంటే నెట్‌వర్క్‌లో దోషం లేదు, లోపం ఫోన్లోనే ఉంది. ఐఫోన్ అయితే ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాప్‌కూ లోకల్ నెట్‌వర్క్ అనుమతి విడిగా ఇవ్వాలి. మొదటిసారి అడిగినప్పుడు వద్దని నొక్కేసి ఉంటే ఆ యాప్ ప్రింటర్‌ను ఎప్పటికీ చూడలేదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కిందకు వెళ్ళి ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ 13, ఆపైన అయితే దగ్గరలోని పరికరాల అనుమతి ఇవ్వాలి, అంతకు పాతదైతే లొకేషన్ అనుమతి ఇచ్చి లొకేషన్ ఆన్‌లో ఉంచాలి. ఫోన్లో విపిఎన్ (నెట్‌ను వేరే సర్వర్ మీదుగా పంపే యాప్) ఉంటే ఆపండి. ఆఫీసు పని కోసం వేసుకున్న విపిఎన్ ఇంట్లో ప్రింటర్‌ను దాచేయడం తరచూ చూస్తుంటాను. ఆండ్రాయిడ్‌లో ప్రింటింగ్ అని వెతికి, అక్కడున్న ప్రింట్ సర్వీస్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి.

విపిఎన్ ఆపినా పేజీ తెరుచుకోకపోతే రౌటర్ అడ్డుపడుతూ ఉండొచ్చు. ఫోనో ప్రింటరో గెస్ట్ వైఫైలో (అతిథుల కోసం విడిగా పెట్టే వైఫై) ఉందేమో చూడండి. కాదంటే రౌటర్ సెట్టింగ్స్‌లో ఏపీ ఐసొలేషన్ లేదా క్లయింట్ ఐసొలేషన్ ఆన్‌లో ఉండొచ్చు. అది ఉంటే అందరికీ నెట్ వస్తుంది గానీ ఒక పరికరానికి ఇంకోటి కనబడదు. ఆఫ్ చేయండి.

ప్రింటర్ నంబరు 169.254తో మొదలవుతోంది

అంటే ప్రింటర్‌కు రౌటర్ నుంచి నంబరు రాలేదు. ఇది ఎక్కువగా కరెంటు పోయి వచ్చాక జరుగుతుంది. ఫైబర్ బాక్సు (నెట్ కంపెనీ పెట్టిన రౌటర్) పూర్తిగా లేచి వైఫై ఇవ్వడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ప్రింటర్ అంతకంటే ముందే లేచి వెతికి ఊరుకుంటుంది. రౌటర్ లైట్లన్నీ నిలకడగా వెలిగాక ప్రింటర్‌ను ఒకసారి ఆపి ఆన్ చేయండి. రౌటర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

నంబర్లు కలవటం లేదు: ఒకే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు

ముందు చిన్నవి తేల్చేద్దాం. ఫోన్ నంబరు 192.168.223తో మొదలైతే అది హెచ్‌పీ ప్రింటర్ ఇచ్చే సొంత వైఫై డైరెక్ట్‌కు కలిసి ఉంది, ఇంటి వైఫైకి మార్చండి. అసలు వైఫైలోనే లేకుండా మొబైల్ డేటా మీద నడుస్తుంటే వైఫై ఆన్ చేయండి. ఈ రెండూ కాకపోతే మీ ఇంట్లో రెండో రౌటర్ ఉందో లేదో చూడండి. ఉంటే కిందిదంతా నిదానంగా చదవండి. పనిచేసే ప్రింటర్లను ఎక్స్ఛేంజీకి పంపించేది ఈ లోపమే.

మన దగ్గర ఇళ్ళు ఎలా ఉంటాయో తెలుసు కదా. ఫైబర్ బాక్సు కింద హాల్లో, తలుపు పక్కన గోడకు. పైన కాంక్రీటు స్లాబు. మిద్దె మీద గదికి సిగ్నల్ అందదు. అందుకని ఒక రౌటర్ కొని, కింద బాక్సు నుంచి కేబుల్ పైకి లాగి, దాని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ కేబుల్ కోసం ఉండే పోర్టు) పెడతారు. పెట్టె మీద బొమ్మలోనూ అలాగే ఉంటుంది, తప్పు అనిపించదు. నెట్ వస్తుంది. రెండు పేర్లు ఎందుకని పైదానికీ కిందిదానికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ పెడతారు.

ఆ క్షణం నుంచి ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు ఉంటాయి. పైన రౌటర్ తన కింద ఉన్నవాటికి తానే నంబర్లు పంచుతుంది, కింద బాక్సు తనవాటికి తాను పంచుతుంది. పేరు ఒకటే కాబట్టి ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

పద్మావతిపురంలో ఒక ఇంటికి వెళ్ళాను. ప్రింటర్ కింద ఉంది. ఆ ఇంటావిడ ఫోన్ నుంచి హాల్లో ప్రింటు చక్కగా వస్తుంది. పైన గదిలో కొడుకు లాప్‌టాప్ నుంచి కూడా వస్తుంది. ఆవిడ అదే ఫోన్ పట్టుకుని పైకి పోతే ప్రింటర్ మాయం. "ఇదేం వింతో నువ్వే చూడు నాయనా, వాడి కంప్యూటర్‌కు కనబడేది నా ఫోనుకెందుకు కనబడదు?" అంది. ఫోన్లో వైఫై వివరాల పేజీ తెరిచి, దాన్ని చూస్తూ మెట్లెక్కమన్నాను. కింద 192.168.1.8. సగం మెట్లకు సిగ్నల్ గీత ఒకటికి పడింది. మిద్దె గడప దాటగానే గీతలు నిండాయి, నంబరు 192.168.0.103 అయింది. పైన పేరు అక్షరం కూడా మారలేదు.

ఆవిడ అడిగినదానికి జవాబు ఇది. యాప్ ప్రింటర్‌ను వెతికేటప్పుడు వీధిలో నిలబడి "ప్రింటర్లెవరైనా ఉన్నారా" అని కేకేసినట్టు నెట్‌వర్క్ మొత్తానికీ ఒక సందేశం పంపుతుంది. ఆ కేక తన వీధి దాటి పోదు. పైన రౌటర్ దాన్ని కిందికి వదలదు. కొడుకు లాప్‌టాప్‌లో ప్రింటర్‌ను ఎవరో ఐపీ నంబరుతో చేర్చి పెట్టారు, కాబట్టి అది వెతకదు, నేరుగా ఆ నంబరుకే పంపుతుంది. పైనుంచి కిందికి అలా నేరుగా పోవడానికి దారి ఉంటుంది. ఇంతకు ముందు చెప్పిన బ్రౌజర్ పరీక్ష కూడా ఇక్కడ మోసం చేసేది అందుకే: మిద్దె మీద నుంచి ప్రింటర్ పేజీ తెరుచుకుంటుంది, యాప్‌లో మాత్రం ప్రింటర్ ఉండదు. అందుకే ఆ పరీక్షను నంబర్లు కలిసినప్పుడే చేయమన్నాను.

ప్రింటర్ పైన ఉంటే ఇంకా కష్టం. కింద నుంచి పైకి దారే ఉండదు. వెతికినా దొరకదు, నంబరు కొట్టినా తెరుచుకోదు.

సరిచేయడం ఇలా. పైన రౌటర్ వైఫై ఇస్తే చాలు, నంబర్లు పంచే పని కింద బాక్సు ఒక్కదానికే ఉండాలి. కాస్త కొత్త రౌటర్ అయితే సెట్టింగ్స్‌లో ఆపరేషన్ మోడ్ అని ఉంటుంది, అందులో యాక్సెస్ పాయింట్ ఎంచుకుని సేవ్ చేయండి. చాలా మోడళ్ళలో కేబుల్ కదపక్కర్లేదు.

పాత రౌటర్లో ఆ మోడ్ లేకపోతే చేత్తో చేయాలి, వరస తప్పకూడదు. ముందు వ్యాన్ పోర్టులోని కేబుల్ తీసేసి, పైన రౌటర్ లాన్ ఐపీ (ఇంటి లోపల దాని సొంత నంబరు) మార్చండి. కింద బాక్సు 192.168.1.1 అయితే దీనికి 192.168.1.250 లాంటిది పెట్టండి. జియో ఫైబర్ బాక్సు 192.168.29.1 కాబట్టి అక్కడ 192.168.29.250. మీరు పెట్టే నంబరు కింద బాక్సు పంచే వరసలో లేకుండా చూసుకోండి. తర్వాత కొత్త నంబరుతో లాగిన్ అయి, నంబర్లు పంచే ఏర్పాటైన డిహెచ్‌సిపి ఆఫ్ చేయండి. చివరగా కేబుల్‌ను వ్యాన్ పోర్టులో కాకుండా ఏదో ఒక లాన్ పోర్టులో పెట్టండి. లాన్ ఐపీ మార్చకుండా డిహెచ్‌సిపి ఆపేసి కేబుల్ మారిస్తే, ఆ తర్వాత రౌటర్ సెట్టింగ్స్ పేజీ మామూలుగా తెరుచుకోదు, రీసెట్ కొట్టి మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది. కేబుల్ ముందే మారిస్తే రెండు బాక్సులూ పోటీపడి నంబర్లు పంచి ఇంట్లో నెట్ పడిపోవచ్చు.

అయ్యాక ఫోన్ వైఫై ఆపి ఆన్ చేసి, పైనా కిందా నంబరు చూడండి. మొదటి మూడు భాగాలు రెండు చోట్లా ఒకటే రావాలి. ప్రింటర్‌ను కూడా ఆపి ఆన్ చేయండి. ఒకే వైఫై పేరు అలాగే ఉంచుకోవచ్చు, ఇప్పుడది నిజంగా సౌకర్యం.

మెష్ సెట్లు (ఇల్లంతా వైఫై అందడానికి రెండు మూడు పెట్టెలుగా వచ్చే రౌటర్లు) కొన్నవాళ్ళకూ ఇదే జరుగుతుంది. ఫైబర్ బాక్సు వైఫై ఆపకుండా మెష్‌ను రౌటర్‌గా నడిపితే మళ్ళీ రెండు నెట్‌వర్క్‌లే. మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ రెండింటినీ కలపకండి. పై పోర్షన్‌లో అద్దెకున్నవాళ్ళకు ఇంటి ఓనర్ లైను ఇచ్చి, వాళ్ళు సొంత రౌటర్ పెట్టుకుని ఉంటే ఆ గోడ ఉండటమే మంచిది. కలిపితే వాళ్ళ ప్రింటర్, టీవీ, కెమెరా వీళ్ళకు, వీళ్ళవి వాళ్ళకు కనబడతాయి. ఎవరి ప్రింటర్‌ను వాళ్ళ రౌటర్‌కే కలుపుకోవాలి.

నిన్నటిదాకా వచ్చింది, ఈరోజు కంప్యూటర్లో ఆఫ్‌లైన్ అంటోంది

ఫోన్ నుంచి ప్రింటు వస్తూ కంప్యూటర్ మాత్రం ఆఫ్‌లైన్ అంటుంటే, ప్రింటర్‌కు రౌటర్ కొత్త నంబరు ఇచ్చి ఉండొచ్చు, కంప్యూటర్ పాత నంబరుకే పంపుతూ ఉండొచ్చు. పైన చెప్పిన రౌటర్ పని చేసుకున్నాక కూడా ఇది రావచ్చు. ప్రింటర్‌ను కంప్యూటర్లోంచి తీసి మళ్ళీ చేర్చితే అప్పటికి సరిపోతుంది. మళ్ళీ రాకుండా ఉండాలంటే కింద బాక్సు సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ దగ్గర, తయారీలోనే ప్రింటర్‌కు ఇచ్చిన మ్యాక్ అడ్రస్‌కు ఒక నంబరు కట్టేయండి. స్టేటస్ కాగితం మీద మ్యాక్ అడ్రస్ ఉంటుంది.

ప్రింటర్‌కు వైఫైయే లేదు

క్యానన్ ఎల్‌బిపి 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, ఎప్సన్ ఎల్ 3110: ఇవి మన ఊళ్ళో ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఉన్నాయి, మంచి మెషీన్లు, కానీ యూఎస్‌బీ మాత్రమే. ఏ యాప్ వేసినా వైఫైలో దొరకవు. విండోస్‌లో షేర్ చేసినా ఫోన్లోని మామూలు ప్రింట్ సర్వీస్‌కు కనబడవు. ఫైలును వాట్సాప్ వెబ్‌లోనో మెయిల్లోనో కంప్యూటర్‌కు తెచ్చుకుని అక్కడి నుంచి తీయండి. దానికోసం యాప్‌ల మీద యాప్‌లు వేసి సాయంత్రం పాడుచేసుకోకండి.

రాత్రి పూట, అర్జెంటుగా టికెట్ కావాలి

వైఫై ప్రింటర్ అయితే రౌటర్ సంగతి రేపు చూసుకోవచ్చు. ప్రింటర్లో వైఫై డైరెక్ట్ ఆన్ చేయండి. ఫోన్ వైఫై జాబితాలో డైరెక్ట్ అని మొదలయ్యే పేరు వస్తుంది, దానికి కలిసి ప్రింటు తీయండి. అప్పుడు ఫోన్‌కు ఇంటి నెట్ ఉండదు కాబట్టి ఫైలు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పని అయ్యాక ఫోన్‌ను ఇంటి వైఫైకి మార్చండి.

మిగతావి

ప్రింటర్‌కు వైఫై పేరే కనబడకపోతే అది రౌటర్ ఇచ్చే వైఫై బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే చూడగలిగేది కావచ్చు. రౌటర్లో 2.4 ఆన్ చేయండి. ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉన్నా ఒకే రౌటర్ అయితే ఫరవాలేదు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కలవకపోతే రౌటర్ భద్రతను డబ్ల్యూపిఎ 3 నుంచి డబ్ల్యూపిఎ 2 కలిసిన మోడ్‌కు మార్చండి. పాత గూగుల్ క్లౌడ్ ప్రింట్ మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు ఉంటే, అది 2020 డిసెంబరు 31తో ఆగిపోయింది. ప్రింటర్ వైఫై కార్డే పోవడం జరుగుతుంది గానీ చాలా అరుదు. పై పరీక్షలన్నీ అయ్యాక, వైఫై డైరెక్ట్ కూడా రాకపోతేనే దాన్ని అనుమానించండి. ఎవరినైనా పిలిపిస్తే ముందు ఆ రెండు ఐపీ నంబర్లూ, ఇంట్లో రౌటర్లు ఎన్ని ఉన్నాయో ఫోన్లోనే చెప్పండి.