రెండో సంపుటికి దారి చూపిన వంశధార

నేను సొంతంగా అచ్చు వేసుకుంటున్న అద్భుత గాథల మాలికలో రెండో సంపుటి ఈ ఏడాది సగంలోనే నిలిచిపోయింది. కొండల్లోని రాజధాని నుంచి రేవుకు బయలుదేరిన దూతకు ఎంత కాలం పట్టాలో తేలక, యుద్ధ ఘట్టాల కాలక్రమం కుదరలేదు. శ్రీకాకుళంలో ఉంటూ ఇందుకు పరాయి పటాలు వెతకడం అనవసరమనిపించి, ఒడిశాలో పుట్టి సుమారు 254 కిలోమీటర్లు ప్రవహించి కళింగపట్నం వద్ద బంగాళాఖాతంలో కలిసే వంశధారనే నమూనాగా తీసుకున్నాను. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరంగా చరిత్రకారులు చాలామంది గుర్తించే ముఖలింగం ఎగువన, బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండ దిగువన, ఆపైన సముద్రపు రేవు: ఈ వరుసనే పేర్లు మార్చి నా రాజ్యానికి ఇచ్చాను. పడవ ప్రవాహంతో వేగంగా, ఎదురు నెమ్మదిగా సాగుతుంది. వానాకాలపు వరదలో అసలు కదలదు. దూత ఆలస్యానికి కావలసిన కారణం ఆ వరదలోనే దొరికింది, ఆగిన అధ్యాయాలన్నీ వరుసగా పూర్తయ్యాయి. ఇలాంటి నవలకు పటం కేవలం అలంకారమనే అభిప్రాయాన్ని నేను అంగీకరించను.

వచ్చే ఏడాది ఈ సంపుటిని పటంతో సహా అచ్చు వేయించి, యూనికోడ్‌లో ఈ-పుస్తకంగా కూడా తెస్తాను. మూడో సంపుటి కథ నాగావళి వంటి మరో నది ఒడ్డున మొదలవుతుంది.