వర్చువల్ డెస్క్‌టాప్‌లో స్క్రీన్ నల్లగా ఉండిపోతే, రిజల్యూషన్ కుదరకపోతే ఎలా సరిచేయాలి?

పాస్‌వర్డ్ కొట్టాక వర్చువల్ డెస్క్‌టాప్ (వేరే మెషీన్‌లో నడుస్తూ మీ తెర మీద కనిపించే డెస్క్‌టాప్) నల్లగా ఉండిపోతే చాలామంది ముందు విండో మూసేసి మళ్లీ కనెక్ట్ అవుతారు. అప్పటికీ రాకపోతే అవతలి మెషీన్‌ను బలవంతంగా రీస్టార్ట్ చేయించేస్తారు. ఈ రెండో పనికి తొందరపడొద్దు. స్క్రీన్ నల్లగా ఉన్నా లోపల మీ సెషన్, అంటే లాగిన్ నుంచి సైన్ అవుట్ వరకు సాగే మీ పని, నడుస్తూనే ఉండొచ్చు. సేవ్ చేయని ఫైళ్లన్నీ అందులోనే ఉంటాయి, రీస్టార్ట్‌తో అవి పోతాయి. అందుకే ముందుగా తేల్చుకోవాల్సింది ఒక్కటే: సెషన్ బతికే ఉండి బొమ్మ రావడం లేదా, లేక సెషనే మొదలవలేదా?

మొదట నల్ల స్క్రీన్‌ను గమనించండి

నల్ల స్క్రీన్లన్నీ ఒకటి కావు. ఒక అర నిమిషం ఆగి మౌస్ కదిపి చూడండి.

కర్సర్ కనిపిస్తూ, మౌస్‌తో పాటు కదులుతూ ఉంటే కనెక్షన్ బాగానే ఉన్నట్టు. లోపల డెస్క్‌టాప్‌ను చూపించే ప్రోగ్రామ్, అంటే విండోస్‌లో ఎక్స్‌ప్లోరర్, లేవలేదు లేదా మధ్యలో పడిపోయింది.

కర్సర్ కూడా లేకుండా కొద్ది సెకన్లు నల్లగా ఉండి, ఆ తర్వాత కనెక్షనే తెగిపోతుంటే నెట్‌వర్క్‌ను అనుమానించాలి. లాగిన్ వరకు దారి తెరిచే ఉంది, బొమ్మ వచ్చే దారి మూసుకుపోయింది.

పని చేసుకుంటుండగా విండోను చిన్నది చేసి పెద్దది చేసినప్పుడు మాత్రమే నల్లబడుతుంటే తప్పు మీ వైపు కంప్యూటర్‌లో ఉండే అవకాశం ఎక్కువ.

కర్సర్ ఉంది, డెస్క్‌టాప్ లేదు

1. కంట్రోల్, ఆల్ట్, ఎండ్ మీటలు కలిపి నొక్కండి. డిలీట్ నొక్కితే అది మీ సొంత కంప్యూటర్‌కే వెళ్తుంది. రిమోట్ సెషన్‌కు చేరాలంటే ఎండ్ నొక్కాలి. విడిగా ఎండ్ మీట లేని చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్‌తో పాటు కుడి బాణం మీట ఆ పని చేస్తుంది.

2. లాక్, సైన్ అవుట్, టాస్క్ మేనేజర్ అని చూపించే తెర వస్తే సెషన్ బతికే ఉంది. టాస్క్ మేనేజర్ తెరవండి.

3. విండోస్ 10లో అయితే ఫైల్ మెనూలో, విండోస్ 11లో అయితే ప్రాసెసెస్ పేజీ పైభాగంలో రన్ న్యూ టాస్క్ ఉంటుంది. అందులో ఎక్స్‌ప్లోరర్ డాట్ ఈఎక్స్ఈ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. అప్పటికే జాబితాలో విండోస్ ఎక్స్‌ప్లోరర్ ఉంటే దాన్ని ఎంచుకుని రీస్టార్ట్ నొక్కితే చాలు.

4. టాస్క్‌బార్ వచ్చిందంటే వెంటనే ఫైళ్లు సేవ్ చేసుకుని, విండో మూసేయడం కాకుండా స్టార్ట్ మెనూ నుంచి సైన్ అవుట్ చేసి, మళ్లీ లాగిన్ అవండి.

ఈ నాలుగో మెట్టు దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. విండోకు ఉన్న ఇంటూ గుర్తు నొక్కితే సెషన్ ముగియదు, డిస్కనెక్ట్ మాత్రమే అవుతుంది. మీరు మళ్లీ వచ్చినప్పుడు పాడైన అదే సెషన్‌లోకి తీసుకెళ్తుంది. ఎన్నిసార్లు కనెక్ట్ అయినా అదే నల్ల తెర కనిపించడానికి తరచూ ఇదే కారణం.

టాస్క్ మేనేజర్ కూడా రాకపోతే అడ్మిన్ సాయం కావాలి. అడ్మిన్ సర్వర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి క్వెరీ సెషన్ అని కొడితే ఎవరి సెషన్‌కు ఏ నంబర్ ఉందో కనిపిస్తుంది. లాగాఫ్ అని రాసి పక్కన ఆ నంబర్ ఇస్తే ఆ ఒక్క సెషన్ మాత్రమే ముగుస్తుంది. ఒకే సర్వర్‌లో పదిమంది పని చేస్తున్నప్పుడు ఒకరి కోసం అందరినీ బయటకు నెట్టే రీస్టార్ట్ కంటే ఇది ఎంతో మేలు. అయితే ఆ సెషన్‌లో సేవ్ చేయనివి పోతాయి కాబట్టి దీన్ని ఆఖరి మార్గంగానే వాడాలి.

ఇది పదే పదే జరుగుతుంటే అవతలి మెషీన్‌లో ఈవెంట్ వ్యూయర్ (విండోస్ రాసిపెట్టుకునే లాగ్‌లను చూపించే ప్రోగ్రామ్) చూడాలి. అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్‌లో మైక్రోసాఫ్ట్, దానిలో విండోస్, దానిలో టెర్మినల్ సర్వీసెస్ లోకల్ సెషన్ మేనేజర్ అనే చోట ఆపరేషనల్ లాగ్ ఉంటుంది. మామూలుగా లాగిన్ అయితే ముందు 21, దాని వెంటే 22 నంబర్ ఈవెంట్లు వస్తాయి. 21 అంటే లాగిన్ కుదిరింది, 22 అంటే డెస్క్‌టాప్ మొదలుపెట్టమని సంకేతం అందింది. 21 ఉండి 22 లేకపోతే లాగిన్‌కూ డెస్క్‌టాప్‌కూ మధ్య ఏదో అడ్డుపడింది: యూజర్ ప్రొఫైల్, లాగిన్ స్క్రిప్ట్, గ్రూప్ పాలసీ (విండోస్ సెట్టింగ్స్‌ను ఒకచోట నుంచి అదుపు చేసే ఏర్పాటు), వీటిలో వెతకండి. రెండూ ఉండి స్క్రీన్ నల్లగానే ఉంటే ఎక్స్‌ప్లోరర్, గ్రాఫిక్స్ డ్రైవర్ల వైపు చూడండి. 24 కనిపిస్తే సెషన్ డిస్కనెక్ట్ అయింది, 25 అంటే పాత సెషన్‌కే తిరిగి కలిశారు. ఈ నాలుగు నంబర్లు, జరిగిన సమయంతో సహా, రాసి ఐటీ వాళ్లకు ఇస్తే వాళ్ల పని సగం తగ్గుతుంది.

కర్సర్ లేదు, కాసేపటికి కనెక్షన్ తెగిపోతోంది

విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ ముందుగా టీసీపీ (డేటా చేరిందో లేదో చూసుకుంటూ పంపే పద్ధతి) 3389 పోర్ట్‌లో కలుస్తుంది. ఆ తర్వాత వీలైతే బొమ్మను యూడీపీ (అలా చూసుకోకుండా వేగంగా పంపే పద్ధతి) మీదకు మార్చుకుంటుంది. మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ లేదా వీపీఎన్ యూడీపీని సగం సగం వదులుతుంటే లాగిన్ బాగానే జరిగి స్క్రీన్ మాత్రం నల్లబడుతుంది. పరీక్షించడానికి మీ కంప్యూటర్ గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపొనెంట్స్, రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్, రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ క్లయింట్ వరకు వెళ్లి టర్న్ ఆఫ్ యూడీపీ ఆన్ క్లయింట్ అన్న దాన్ని ఎనేబుల్ చేయండి. దీంతో స్క్రీన్ వస్తే దొంగ దొరికినట్టే. అలాగే వదిలేసినా పని జరుగుతుంది కానీ వీడియోలు, స్క్రోలింగ్ కాస్త మందగిస్తాయి. ఫైర్‌వాల్‌లో యూడీపీని సరిగా తెరిపించడమే అసలు పరిష్కారం.

ఓమ్నిస్సా హొరైజన్ (ఇంతకుముందు వీఎంవేర్ హొరైజన్) వాడేవాళ్లకు, బొమ్మను పంపే పద్ధతి పీసీఓఐపీ అయితే 4172 పోర్ట్ టీసీపీలోనూ యూడీపీలోనూ తెరిచి ఉండాలి. బ్లాస్ట్ అయితే డెస్క్‌టాప్ మెషీన్‌లో 22443 ఉండాలి. సిట్రిక్స్‌కు 1494, సెషన్ రిలయబిలిటీ (కనెక్షన్ కాసేపు తెగినా సెషన్‌ను నిలిపి ఉంచే సదుపాయం) వాడితే 2598.

వీపీఎన్ వేసినప్పుడు మాత్రమే నల్లబడి, ఆఫీస్ నెట్‌వర్క్‌లో బాగుంటే ప్యాకెట్ సైజు పరీక్షించండి. లాగిన్‌కు చిన్న ప్యాకెట్లు చాలు, బొమ్మకు పెద్దవి కావాలి. మధ్యలో పెద్దవి చడీచప్పుడు లేకుండా పారేసే పరికరం ఉంటే ఇలాగే అవుతుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ -ఎఫ్ -ఎల్ 1472 అని కొట్టి, పక్కన సర్వర్ అడ్రస్ ఇవ్వండి. 1472కు హెడర్ల 28 బైట్లు కలిస్తే మామూలు హద్దు 1500 అవుతుంది. ప్యాకెట్‌ను ముక్కలు చేయాలని సందేశం వచ్చినా, 100 సైజుకు జవాబిచ్చిన సర్వర్ 1472కు ఏమీ పలకకపోయినా సైజు తగ్గిస్తూ రండి. దాటిన వాటిలో పెద్ద సంఖ్యకు 28 కలిపితే అదే మీ ఎంటీయూ (ఆ దారిలో దాటగల అతి పెద్ద ప్యాకెట్ సైజు). ఉదాహరణకు 1372 దాటి 1373 ఆగిపోతే 1400. ఆ విలువను వీపీఎన్ అడాప్టర్‌కు పెట్టండి. వీపీఎన్ సర్వర్ అడ్మిన్ అక్కడే పెడితే అందరికీ ఒకేసారి బాగవుతుంది.

డ్రైవర్, క్యాష్ తెచ్చే తలనొప్పులు

విండోస్ 10లో 1903 వెర్షన్ నుంచి రిమోట్ సెషన్ డబ్ల్యూడీడీఎమ్ అనే కొత్త డిస్‌ప్లే డ్రైవర్ వాడుతుంది. కొన్ని గ్రాఫిక్స్ కార్డులతో దీనికి పొసగక తెర నల్లబడుతుంది. అవతలి మెషీన్ గ్రూప్ పాలసీలో రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ కింద రిమోట్ సెషన్ ఎన్విరాన్‌మెంట్‌లో యూజ్ డబ్ల్యూడీడీఎమ్ గ్రాఫిక్స్ డిస్‌ప్లే డ్రైవర్ అనే పాలసీని డిజేబుల్ చేసి, మెషీన్ రీస్టార్ట్ చేయండి. దీనికంటే ముందు ఆ మెషీన్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసి చూడటం మంచిది.

మీ వైపు తప్పు అనుకుంటే రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్‌లో షో ఆప్షన్స్ నొక్కి, ఎక్స్‌పీరియన్స్ ట్యాబ్‌లో పర్సిస్టెంట్ బిట్‌మ్యాప్ క్యాషింగ్ టిక్ తీసేయండి. పాత బొమ్మల ముక్కలు పాడైపోతే స్క్రీన్‌లో నల్లటి పలకలు కనిపిస్తాయి, ఈ ఒక్క మార్పుతో అవి పోతుంటాయి.

రిజల్యూషన్ ఎవరి చేతిలో ఉంది?

రిమోట్ డెస్క్‌టాప్‌లో లోపలి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే రిజల్యూషన్ మార్చనివ్వదు. అది లోపం కాదు. స్క్రీన్ ఎంత ఉండాలో కనెక్ట్ అయ్యేటప్పుడు మీ వైపు క్లయింట్ చెబుతుంది. కాబట్టి డిస్కనెక్ట్ అయి, షో ఆప్షన్స్‌లో డిస్‌ప్లే ట్యాబ్‌కు వెళ్లి స్లైడర్‌తో సైజు ఎంచుకుని మళ్లీ కనెక్ట్ అవండి. రెండు మానిటర్లు కావాలంటే యూజ్ ఆల్ మై మానిటర్స్ టిక్ పెట్టండి.

అక్షరాలు మసకగా ఉంటే టైటిల్ బార్‌లోని చిన్న గుర్తు మీద నొక్కి స్మార్ట్ సైజింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది వచ్చిన బొమ్మను సాగదీస్తుందే తప్ప రిజల్యూషన్ మార్చదు. అక్షరాలు మరీ చిన్నవైనా, పెద్దవైనా స్కేలింగ్ శాతం చూడాలి. ల్యాప్‌టాప్‌లో 150 శాతంతో మొదలైన సెషన్‌ను 100 శాతం మానిటర్ మీద తెరిస్తే కొన్ని ప్రోగ్రాములు పాత శాతాన్నే పట్టుకుని ఉంటాయి. పూర్తిగా సైన్ అవుట్ చేసి వస్తే సర్దుకుంటాయి.

మీ కంప్యూటర్‌లోనే నడిచే వర్చువల్ మెషీన్ల లెక్క వేరు. అక్కడ సైజు లోపలి డ్రైవర్ చేతిలో ఉంటుంది. వర్చువల్‌బాక్స్‌లో స్క్రీన్ 800×600 లేదా 1024×768 దగ్గర ఆగిపోయిందంటే గెస్ట్ అడిషన్స్ (వర్చువల్ మెషీన్ లోపల వేసే డ్రైవర్ల కట్ట) లేవనో, పని చేయడం లేదనో అర్థం. వాటిని ఇన్‌స్టాల్ చేసి, మెషీన్ రీస్టార్ట్ చేసి, వ్యూ మెనూలో ఆటో రీసైజ్ గెస్ట్ డిస్‌ప్లే ఆన్ చేయండి. గ్రాఫిక్స్ కంట్రోలర్ లినక్స్‌కు వీఎంఎస్‌వీజీఏ, విండోస్‌కు వీబాక్స్‌ఎస్‌వీజీఏ ఎంచుకోండి.

అన్నీ ఉన్నా పెద్ద సైజులు జాబితాలో రాకపోతే వీడియో మెమరీ చూడండి. ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు కావాలి. 1920×1080కి 82,94,400 బైట్లు, అంటే సుమారు 7.9 ఎంబీ. 3840×2160కి 31.6 ఎంబీ. 16 ఎంబీ మాత్రమే ఇచ్చిన మెషీన్‌లో 4కే ఎలా చూసినా పట్టదు. మెషీన్‌ను పూర్తిగా ఆపి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 128 ఎంబీకి పెంచండి. బూట్ అయ్యాక తెర నల్లబడుతుంటే అదే పేజీలో 3డీ యాక్సిలరేషన్ టిక్ తీసి చూడండి. వీఎంవేర్‌లోనూ ఇదే ఉపాయం పనిచేస్తుంది.

హైపర్-వీలో (మైక్రోసాఫ్ట్ వర్చువల్ మెషీన్ ప్రోగ్రామ్) విండోస్‌కు ఎన్‌హాన్స్‌డ్ సెషన్ వాడితే కనెక్ట్ అయ్యేటప్పుడే సైజు స్లైడర్ వస్తుంది. విండోస్ 11లో ఎన్‌హాన్స్‌డ్ సెషన్ లాగిన్ దగ్గరే ఇరుక్కుంటే బేసిక్ సెషన్‌లోకి వెళ్లి, సైన్ ఇన్ ఆప్షన్స్‌లో విండోస్ హలోతో మాత్రమే లాగిన్ అనే సెట్టింగ్ ఆఫ్ చేయండి.

లినక్స్ వర్చువల్ మెషీన్లలో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. వీఎంవేర్‌లో ఓపెన్-వీఎం-టూల్స్ ఒక్కటే సరిపోదు, దాని డెస్క్‌టాప్ ప్యాకేజీ కూడా ఉంటేనే విండోతో పాటు స్క్రీన్ సైజు మారుతుంది. వర్చువల్‌బాక్స్‌లో కెర్నల్ (లినక్స్ మూల భాగం) అప్‌డేట్ అయ్యాక స్క్రీన్ ఒక్కసారిగా చిన్నదైతే గెస్ట్ అడిషన్స్ మాడ్యూళ్లు కొత్త కెర్నల్‌కు తయారు కాలేదన్నమాట. ఆ కెర్నల్ హెడర్లు, వాటితో పాటు జీసీసీ, మేక్ అనే తయారీ ప్రోగ్రాములు వేసుకుని మాడ్యూళ్లు మళ్లీ తయారు చేయించాలి.

ఎక్స్ఆర్‌డీపీ అనే రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌తో లినక్స్ డెస్క్‌టాప్‌కు వచ్చేవాళ్లకు నల్ల తెర ఎదురైతే, అదే యూజర్ ఆ మెషీన్ ముందు కూడా లాగిన్ అయి ఉన్నాడేమో చూడండి. గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్ ఒకే యూజర్‌తో రెండు సెషన్లను మామూలుగా ఒప్పుకోదు. అక్కడ లాగౌట్ చేస్తే ఇక్కడ తెర వస్తుంది. అప్పటికీ రాకపోతే హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే ఎక్స్‌సెషన్-ఎర్రర్స్ ఫైల్ చివరి పంక్తులు చదవండి, ఏ ప్రోగ్రామ్ దగ్గర ఆగిందో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.